ఏట్లో పడని రాయి

“అయితే ఆ రాయి యాడుండాదిరా?”

వరదమ్మ మళ్ళీ అడిగింది. బాలచంద్ర మళ్ళీ తల వంచుకున్నాడు.

ఆమె గొంతులో కోపం లేదు. అదే రూపశ్రీని భయపెట్టింది. అత్త తిట్టే మనిషి. పాలు పొంగినా తిట్టేది, కొళాయి కట్టేయకపోయినా తిట్టేది, ఇల్లు ఎగిరిపోయేట్టు తిట్టి మరుక్షణం అన్నం పెట్టేది. ఆ మనిషి వసారాలో గోడకానుకుని, కాళ్ళు చాపుకుని, చిన్న కొడుకును ఇంత మెల్లగా అడుగుతోందంటే ఇంకేముంది, ఆమెలో ఏదో విరిగిపోయిందనే లెక్క.

“సెప్పరా. నేను కొట్టను. తిట్టను. యాడుండాది?”

“తెలీదమ్మా.”

“మరి కర్మాంతరం దినం ఏట్లో ఏసిందేంది?”

“మన వీధి చివర కొత్తిల్లు కడతా ఉండారే... ఆడి కంకర కుప్పలోది.”

చెప్పేశాడు. ఇన్నాళ్ళూ ఆ మాట గొంతులో పెట్టుకుని ఎట్లా అన్నం మింగాడో ఆ దేవుడికే తెలియాలి.

వరదమ్మ కళ్ళు మూసుకుంది. చనిపోయిన మనిషి ప్రాణం దినాలు తీరేదాకా కర్మ రాయిలో ఉంటుందని ఆ ఇంట్లో నమ్మకం. ఆ రాయికే రోజూ నూనె పూస్తారు, నీళ్ళు పోస్తారు, ముద్ద పెడతారు. ఆఖరి దినం ఏట్లో వదిలితే మనిషి వెళ్ళిపోయినట్టు. వదలకపోతే?

“ఎంత పని జేసినావురా,” అంది వరదమ్మ. “నా బిడ్డను ఈడ్నే పెట్టి, ఎవురింటి కంకరకో దండం పెట్టించినావే నా సేత!”

“నేను కావాలని జేసినానా? మూటగట్టి వసారా మూల్లో పెట్టిన్నాను. ఇంట్లోకి తేగూడదని కర్మ జేయించే అయ్యవారు సెప్పినాడు గదా. తెల్లారితే కర్మాంతరం. సూస్తే మూట లేదు. కుక్క ఈడ్సుకపోయిందో, ఎవురన్నా తీసినారో. నీకెట్ల సెప్పేది? నువ్వప్పుడు మంచం మీంచి లేసే మాదిరుండావా?”

“అందుకని కంకరా?”

“నాకేం దోచలేదమ్మా! భయపడినా. సరేనా? భయపడినా!”

ముప్పై ఏళ్ళు దాటిన మనిషి ఏడుస్తుంటే చూడటం కష్టం. రూపశ్రీ చూపు తిప్పుకుంది. ఆమె కళ్ళు తెలియకుండానే వసారా మూలకు పోయాయి. అక్కడ ఇప్పుడేమీ లేదు. ఆమె భర్త మునిప్రసాద్ ఉన్నన్నాళ్ళూ ఆ మూల నిండా తెల్ల గుడ్డసంచులే. సంచికొక రాయి, అది ఏ కొండదో రాసిన చీటీ. అతను పనిచేసిన చమురు కంపెనీ వాళ్ళు అన్నీ తీసుకెళ్ళాక గచ్చు మీద సంచుల మచ్చలు మాత్రం మిగిలాయి.

“ఆ మూల్లో రాళ్ళు కదిలే సప్పుడు వస్తాందని నేను సెప్తే,” వరదమ్మ కళ్ళు తెరవకుండానే అంది, “నన్ను డాక్టరు కాడికి తీసకపోయినారే మీరిద్దురూ. బీపీ అని మాత్రలిచ్చినారు. వాడు ఈడ్నే ఉండాడమ్మా, ఏరు దాటలేదమ్మా అని మొత్తుకుంటే గమ్మునుండమన్నారు.”

ఆ చప్పుడు రూపశ్రీ కూడా వింది. ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం తల దువ్వుకుంటుంటే వసారాలోంచి వచ్చింది. రాయిని గచ్చు మీద ఆనించే చప్పుడు. విసిరినట్టు కాదు, నిద్రపోయే పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నెమ్మదిగా. రాళ్ళను అట్లా పెట్టేది లోకంలో ఒక్కడే. దువ్వెన పట్టుకుని బయటికి పరుగెత్తింది. ఖాళీ మూల, ఎండ. అంతే. ఆ రోజంతా తనను తానే తిట్టుకుంది, జియాలజీ చదివిన దానివి నీకేం రోగం అని.

“బాలా,” అంది రూపశ్రీ. “అసలా కర్మ రాయి యాడ దొరికింది నీకు?”

బాలచంద్ర ముక్కు తుడుచుకున్నాడు. “ఇంట్లోదే వదినా. మొదటి దినం అయ్యవారు రాయి తెమ్మన్నాడు. ఏదో రాయెందుకు, అన్న సేత్తో ముట్టుకున్నదైతే మేలు గదా అనుకున్నా. అన్న సంచుల్లోంచి ఒకటి తీసినా.”

రూపశ్రీ ముందుకు జరిగింది.

“ఎట్లుండె అది?”

“నల్లగా. పిడికిలంత. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే ఉంటాయే, అట్లా వరసలు వరసలుగా గీతలు.”

“దాని సంచి? చీటీ?”

“సంచితో పెట్టకూడదన్నాడు అయ్యవారు. పారేసినా. చీటీ గూడా దాంట్లోనే.”

“ఎందులో కట్టినావు మరి?”

“తెల్లగుడ్డలో.”

తెల్లగుడ్డ మూట. తెల్ల గుడ్డసంచుల పక్కన. రూపశ్రీ అరుగు మీద కూర్చుంది.

“నూనె పూసినావా దానికి?” అడగలేక అడిగింది.

“రోజూ పూసినా గదా. నువ్వుల నూనె. ఏంది వదినా అట్లడుగుతావు? గిన్నెలో పోసి తెచ్చిచ్చింది నువ్వే గదా!”

అవును. తనే. రోజూ పొద్దున్నే, మొగుడి తలకంటినంత శ్రద్ధగా, గిన్నె నింపి ఇచ్చింది తనే.

పోయిన వారం ఆ ఇంట్లో జరిగిన సంబరం ఆమెకు గుర్తొచ్చింది. కంపెనీ పెద్ద గుణశేఖర్ ఫోన్ చేసి అన్నాడు: “అమ్మా రూపా, మీ ఆయన గెలిచినాడమ్మా. ఒక రాయిలో నూనె జాడ తగిలింది.”

మునిప్రసాద్ జీవితమంతా ఆ ఒక్క మాట కోసమే నడిచింది. తిరుమల కొండల వెనక నుంచి కడప దిక్కుగా, అక్కడి నుంచి నంద్యాల దాకా, పట్టీలు పట్టీలుగా పరుచుకున్న పాత సున్నపురాయి. ఎంత పాతదంటే, అది పుట్టేనాటికి భూమ్మీద చేప లేదు, చెట్టు లేదు, ఎముక ఉన్న ప్రాణి ఒక్కటీ లేదు. లోతు తక్కువ సముద్రం, అందులో పాచి. ఆ పాచి పొర మీద పొరగా చచ్చి రాయైంది. “చచ్చినవన్నీ ఎక్కడికి పోయుంటాయి రూపా? ఎక్కడో ఒకచోట చమురై దాక్కునుంటాయి,” అనేవాడు. వినేవాళ్ళు నవ్వేవారు. అంత పాత రాయిలో ఏ చమురున్నా ఎప్పుడో ఉడికి ఆవిరైపోయి ఉంటుందని అందరి లెక్క. అతను ఆ కొండల్లోనే, ఒక పలక మీద కూర్చుని, గుండె ఆగి పోయాడు. పోయినాక గెలిచాడని పోయిన వారం ఇల్లంతా ఏడ్చింది.

గెలిచిన రాయికి చీటీ లేదు. నల్లనిది, పిడికిలంత. ఏ ఊరి కొండదో చెబితే అక్కడ చమురు తవ్వే రిగ్గు దింపుతామని గుణశేఖర్ అడుగుతున్నాడు. ఈ మధ్యాహ్నమే వచ్చి పటం మీద వేలు పెట్టమన్నాడు.

“అత్తా,” అంది రూపశ్రీ. “రాయి యాడుండాదో నాకు తెలుసు.”

వరదమ్మ కళ్ళు తెరిచింది.

చెప్పింది రూపశ్రీ. కర్మాంతరం ముందటి సాయంత్రం కంపెనీ డ్రైవరు ఖాజా మొహిద్దీన్ జీపు తెచ్చి సంచులన్నీ ఎక్కించుకున్నప్పుడు మూట కూడా పోయిందని. ల్యాబులో దాన్ని కోసి, ఒక పక్క చెక్కి, పొడి చేసి కాల్చారని. కాలిస్తే తగిలిన నూనె సముద్రానిది కాదు, ఈ ఇంటి గిన్నెలోదని.

“కోసినారా?” అంది వరదమ్మ. మిగతాదేమీ ఆమెకు వినపడలేదు. “నా బిడ్డను కోసినారా?”

“సగం ఉంటాదత్తా. ఎప్పుడూ సగం దాచిపెడతారు.”

“పో. పొయ్యి తీసకరా. ఈ పొద్దే ఏట్లో కలిపేద్దాం.”

రూపశ్రీ లేవలేదు.

“ఏం? లెయ్యవేం?”

“ఊరికే ఇయ్యరత్తా. ఎందుకని అడగతారు. చెప్పాల. చెప్తే ఆ నూనె ఉత్తదని తేలిపోతాది. ఆయన మాట మళ్ళీ ఎవురూ ఎత్తరు. రిగ్గు రాదు. ఆయన అన్నేళ్ళు తిరిగిందంతా...”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే ఒక కొండ పేరు చెప్తే చాలు. ఆయన నమ్మిన చోటు ఏదో ఒకటి. ఆడ తవ్వుతారు.”

“తవ్వితే వస్తాదా?”

“ఏమో. రావచ్చు.”

వరదమ్మ చాలాసేపు కోడలి మొహంలోకే చూసింది. వీధిలో కూరగాయల బండి మైకు అరుచుకుంటూ పోయింది.

“నీకు వాడి పేరు గావాల,” అంది చివరికి. “నాకు వాడు గావాల. ఈ వసారాలో రాళ్ళు సర్దుకుంటా, తోవ తెలీక, నా బిడ్డ ఎన్నాళ్ళుండాల? నువ్వూ విన్నావు. నువ్వు సెప్పకపోయినా నీ మొగం సెప్తాంది.”

రూపశ్రీ లేచి చెప్పులు వేసుకుంది.

*

జీపు నడుపుతున్నది ఖాజా మొహిద్దీనే. మునిప్రసాద్‌తో కొండలన్నీ తిరిగిన మనిషి. రేణిగుంట రోడ్డెక్కాక రూపశ్రీ మూట సంగతి మొత్తం చెప్పేసింది.

ఖాజా బండి పక్కకు తీసి ఆపేశాడు. ఇంజను ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

“ఇన్నా లిల్లాహి,” అని చావు కబురు విన్నట్టు సన్నగా గొణుక్కున్నాడు. “మేడమ్, ఆ మూట నాకు గుర్తుండాది. నూనె జిడ్డుగా ఉండె. సీటు పాడైతాదని కింద పడేసినా. కాళ్ళ కాడ.”

“నీకేం తెలుసన్నా.”

“కొండ మీంచి సార్‌ని తెచ్చింది ఈ బండ్లోనే. ఎనక సీట్లో పండబెట్టుకుని, గుంత వస్తే మెల్లగా, గుంత వస్తే మెల్లగా తెచ్చినా. మళ్ళా ఆయన్నే కాళ్ళ కాడ ఏసుకుని... సినిమా పాట పెట్టుకుని పోయినా మేడమ్ ఆ పొద్దు.”

లారీలు జీపును ఊపేస్తూ పోతున్నాయి.

“అన్నా, నల్లరాయి, ఉల్లిగడ్డ గీతలది. ఏ కొండదో నీకేమన్నా తెలుసా?”

ఖాజా తల అడ్డంగా ఊపాడు. “జీపు పొయ్యేకాడికి నేను. ఆపైన సార్ ఒక్కడే పొయ్యేది. పొద్దున పోతే సాయంత్రం దిగేది. ఎన్ని కొండలు! యాడ ఏం కొట్టి తెచ్చినాడో ఆయనకీ, అల్లాకీ తెలియాల.”

*

గుణశేఖర్ గది గోడ మీద మునిప్రసాద్ గీసిన పటం అంటించి ఉంది. సున్నపురాయి పట్టీలన్నీ నీలం పెన్సిలుతో దిద్దినవి. కొండల మధ్య ఇంకా సముద్రం ఉన్నట్టే ఉంటుంది ఆ పటం చూస్తే. ఒకప్పుడు దాన్ని చూసి “ఏమప్పా మునిప్రసాదూ, ఇంట్లో గోడకేసుకో, బాగుంటాది,” అని ఎగతాళి చేసిన గుణశేఖరే, పోయిన వారం తన చేత్తో అంటించుకున్నాడు.

“రా అమ్మా, రా. కూర్చో. టీ తాగతావా? నిద్ర పట్టడంలేదు నాకు. ఆ మనిషిని ఎన్ని మాటలన్నాను! నా చేత్తో రిగ్గు దింపితేగానీ నాకు శాంతి లేదు. చెప్పు. యాడిది ఆ రాయి?”

చేతికి ఎర్ర పెన్సిలు ఇచ్చాడు. రూపశ్రీ పెన్సిలు పట్టుకుని పటం ముందు నిలబడింది. ఒక్క చుక్క. ఎవరూ అడగరు. మునిప్రసాద్ ఎప్పుడూ తలిచే కొండ ఒకటి ఉంది. నీలం పట్టీ అక్కడ మడత పడుతుంది. “దిగితే ఇక్కడ దిగాలి రూపా,” అనేవాడు. ఆమె చెయ్యి అక్కడిదాకా లేచింది కూడా.

అబద్ధం చెప్పాలని అంత గట్టిగా ఆమె జీవితంలో ఎప్పుడూ అనిపించలేదు.

“సార్, ముందు ఆ రాయి చూడాల నేను.”

గుణశేఖర్ సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. సగం రాయి. కోసిన ముఖం నున్నగా మెరుస్తోంది, వరసలు వరసలుగా గీతలు. కోయని పక్క ఇంకా జిడ్డుగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. నువ్వుల నూనె. కాస్త పసుపు కూడా. తన వంటింటి వాసన.

ఇంక ఆగలేకపోయింది. అంతా చెప్పేసింది. మూట, వసారా, కర్మ రాయి, గిన్నె.

గుణశేఖర్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. తర్వాత మొహం ఎర్రబడింది.

“తమాషాగా ఉండాదా మీకు? ఢిల్లీకి చెప్పినానమ్మా నేను! కర్మకాండ రాయిని తెచ్చి ల్యాబులో పెడతారా?”

“తెలీక జరిగింది సార్.”

“నేను నమ్మను. నూనె పూస్తే పైపైనే ఉంటాది. ఇంత గట్టి రాయిలోకి యాడ దిగతాది? లోపల చూస్తే తెలిసిపోతాది గదా.”

కిటికీ మీదున్న సుత్తి తీసుకున్నాడు. ఆమె అర్థం చేసుకునేలోపే రాయిని గచ్చు మీద పెట్టి ఒక దెబ్బ వేశాడు. టక్కుమని పలికింది రాయి. పగల్లేదు. రెండోసారి చెయ్యెత్తాడు.

“కొట్టొద్దు సార్! అది మా ఆయన!”

ఆ అరుపు వరండా అంతా వినపడింది. బయట ఎవరో కుర్చీ జరిపి లేచారు.

గుణశేఖర్ సుత్తి అట్లాగే పైకెత్తి ఉండిపోయాడు. రూపశ్రీ గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని రాయిని రెండు చేతులతో కప్పేసింది. ఎం.ఎస్సీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న ఆడమనిషి. ఆ క్షణాన ఆమెకు సిగ్గు కూడా వెయ్యలేదు.

“నువ్వు చదువుకున్న దానివమ్మా,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

“అవును సార్.”

సుత్తి కింద పెట్టాడు. కుర్చీలో కూర్చుని చాలాసేపు పటం వైపే చూశాడు.

“తీసకపో. తీసకపొయ్యి ఏం చేసుకుంటారో చేసుకోండి. నేను పైకి ఒక్క మాటే చెప్తాను. నూనె లేదు, పొరపాటు జరిగింది అని. ఆ మాటతో మునిప్రసాద్ సున్నపురాయి పనైపోయినట్టే. తెలుసు గదా నీకు? మళ్ళీ ఇంకెవురూ ఆ దిక్కుకు పోరు.”

“తెలుసు సార్.”

ఆమె బయటికొస్తుంటే వెనక కాగితం చప్పుడైంది. తిరిగి చూడలేదు. పటం గోడ మీంచి ఊడదీస్తున్న చప్పుడని తెలుసు.

*

మొన్నటి వానలకు స్వర్ణముఖిలో నీళ్ళు పారుతున్నాయి. ఆ ఏటికి అట్లాంటి రోజులు తక్కువ. ఇంటి దగ్గర అత్తనూ బాలచంద్రనూ ఎక్కించుకున్నాక, తిరుచానూరు దగ్గర జీపు ఆపించి వరదమ్మ పూలు కొనింది. లాడ్జీల ముందు బ్యాగులు దించుకుంటున్న యాత్రికుల మధ్య నుంచి, చేతిలో పూల పొట్లం, ఒళ్ళో సగం రాయి పెట్టుకుని జీపులో వెళ్తున్న ముసలమ్మను ఎవరూ పట్టించుకోలేదు.

ఏటి గట్టున ఖాజా జీపు దగ్గరే నిలబడిపోయాడు. అయ్యవారిని పిలుద్దామంటే వరదమ్మ వద్దంది. “తప్పు మనింట్లో జరిగింది. మనమే దిద్దుకుందాం.”

బాలచంద్ర పంచె ఎగ్గట్టి మోకాలి లోతుకు దిగాడు. పొద్దుటి నుంచి వాడి మొహంలో రక్తం లేదు. “ఇయ్యమ్మా,” అని దోసిలి పట్టాడు.

వరదమ్మ రాయి మీద రెండు పూలు పెట్టింది. పెదాలు కదిలాయి. ఏం చెప్పుకుందో రూపశ్రీకి వినపడలేదు. తను కూడా ఏమైనా చెప్పుకోవాలనుకుంది. నిన్ను ఓడించాను, క్షమించు అని. ఇది పోతే అంతా పోతుంది. అయినా పోనీ, ఆయన దారిన ఆయన్ని వెళ్ళనీ అనుకుంది. నిజంగానే అనుకుంది.

“పొయ్యిరా నాయనా,” అంది వరదమ్మ. రాయిని గట్టిగా గుండెకదుముకుంది, ఆఖరిసారి.

అప్పుడు ఆమె చేతుల్లోనే విడిపోయింది రాయి. గుణశేఖర్ దెబ్బకు లోపల ఎక్కడో పగులు పట్టి ఉంటుంది. చప్పుడు కూడా కాలేదు. ఒక చేతిలో ఒక ముక్క, ఇంకో చేతిలో ఒక ముక్క. పూలు నీళ్ళలో పడ్డాయి.

వాసన లేచింది.

నువ్వుల వాసన కాదు. ఘాటుగా, చేదుగా, తారు కాగేచోట కుళ్ళిన గుడ్డు పగిలినట్టు. రూపశ్రీ ముక్కలకు దగ్గరగా వంగింది. పుస్తకాల్లో చదివింది, ల్యాబుల్లో ఒకటి రెండు సార్లు చూసింది. పాత సముద్రపు చమురు రాయి గుండెలో చిక్కుకుని, పగిలిన క్షణాన వచ్చే వాసన అది. గిన్నెలోని నూనె ఏదీ అంత లోపలికి పోలేదు. పగిలిన ముఖం మీద గీతల మధ్య నల్లటి తడి సన్నగా మెరుస్తోంది.

ఉంది. నిజంగానే ఉంది. ఆయన చెప్పింది నిజం. గుణశేఖర్ ఇంకొక్క దెబ్బ వేసి ఉంటే అక్కడే తేలిపోయేది. ఆ దెబ్బ పడకుండా ఆపింది తనే.

ఇప్పుడా రాయి ఏ కొండదో చెప్పగలిగిన చీటీ లేదు, మనిషి లేడు. మిగిలిన సాక్ష్యం ఈ రెండు ముక్కలే.

“అమ్మా, ఇయ్యి,” అన్నాడు బాలచంద్ర నీళ్ళలోంచి. “ముక్కలైతే ఏం, రెండూ ఇయ్యి.”

వరదమ్మ కదలలేదు. ముక్కల్ని మొహం దగ్గరకు తెచ్చుకుంది. ఒకటి వాసన చూసింది, ఇంకొకటి చూసింది.

“మునిగాడు,” అంది. “ఇది మునిగాడి వాసనరా. కొండల మీంచి వచ్చిన దినం చొక్కా విప్పి నీళ్ళల్లో ఏస్తే ఇదే గదా లేసేది. సబ్బుకు గూడా పొయ్యేది కాదు.”

ఆ చొక్కాలు రూపశ్రీ కూడా ఉతికింది. జీపు డీజిలనుకుంది ఇన్నేళ్ళూ. అంటే ఎన్నిసార్లు పగలగొట్టాడు ఈ రాయిని? ఎన్నిసార్లు ఆ కొండెక్కాడు? ఖాయమయ్యేదాకా చెప్పకూడదని తనతో కూడా దాచుకున్నాడా?

“అమ్మా, పొద్దు వాలతాంది. ఇయ్యమ్మా.”

“ఇయ్యను.”

“అదేందమ్మా! నువ్వే గదా...”

“ఇయ్యను పోరా! ఇప్పుడే వచ్చినాడు నా బిడ్డ. ఇంత దగ్గరికి వచ్చినాక నీళ్ళల్లోకి నూకమంటావా?” రెండు ముక్కలూ కొంగులో చుట్టి కడుపుకదుముకుంది. పొద్దున్నుంచి రాని తిట్లు ఇప్పుడొచ్చాయి, వరసగా, వెక్కిళ్ళ మధ్య. కొడుకును తిట్టింది, కంకర కుప్పను తిట్టింది, ఏటిని తిట్టింది.

రూపశ్రీ ముందుకొచ్చి చెయ్యి చాపింది.

“అత్తా, ఇట్లియ్యి.”

వరదమ్మ తిట్లు ఆపింది. కొంగు మూట వదలకుండానే, తడి కళ్ళతో కోడలి మొహం లోపలిదాకా చూసింది.

“ఎందుకు?” అంది. “నీళ్ళకా, నీకా?”

రూపశ్రీ చెయ్యి చాపే ఉంది. నీళ్ళలోంచి బాలచంద్ర, గట్టు మీంచి ఖాజా మొహిద్దీన్, అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.